రోడ్డు ఖాళీగానే ఉంది

ఆ ఊళ్ళో కారు నడిపేవాళ్ళలో సగం మంది క్లచ్ మాస్టారి శిష్యులే. ఆ పేరు పెట్టింది కూడా వాళ్ళే. పక్క సీట్లో ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చునే మనిషి, గేరు మార్చే సమయానికి మాత్రం "క్లచ్! క్లచ్! క్లచ్!" అంటూ కారు అద్దాలు అదిరేలా అరిచేవాడు. ఆయన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉండేది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆయన భార్య కూడా ఒకప్పుడు ఆ అరుపులు తిన్నదే. లైసెన్సు వచ్చిన రోజున "హమ్మయ్య, ఇంక నన్ను తిట్టేవాళ్ళుండరు," అంది. "నువ్వు సరేనంటే జీవితాంతం నేనే తిడతా," అన్నాడాయన. పెళ్ళి అలా కుదిరింది. తర్వాత ఆవిడ లాండ్రీ పెట్టుకుంది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల కర్టెన్లు, పెద్దవాళ్ళ కోట్లు. తమ్ముడు ఇస్త్రీ చూసుకుంటే మూటలు తేవడం, చేరవేయడం ఆవిడ పని. ఆ మూటలు మోసీ మోసీ లాండ్రీ వ్యాను చివరికి ఎత్తు ఎక్కలేక దగ్గడం మొదలుపెట్టింది. దాన్ని అమ్మేసి కొత్త కారు కొనాలనుకున్నారు. గొడవ అక్కడే మొదలైంది.

ఆవిడకు కావలసింది హైబ్రిడ్ ఎస్‌యూవీ. పెట్రోలు తక్కువ తాగుతుంది, వెనక సీట్లు మడిస్తే మూటలన్నీ పడతాయి, ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఆయన మనసు మాత్రం ఒక సెడాన్ మీద పడింది. నేలకు అంటుకున్నట్టుండే బూడిదరంగు కారు.

"దాంట్లో దుప్పటి మూట పెడితే మనం రోడ్డు మీద నిలబడాలి," అంది ఆవిడ.

"ఇన్నేళ్ళూ పక్క సీట్లో కూర్చుని ఎవడెవడో కారు ఆపేస్తుంటే చూశా. ఒక్క మంచి కారు, చెయ్యి ఇలా అంటే అలా తిరిగేది, నేను నడుపుకోకూడదా?"

"నడుపుకోండి. పెట్రోలు ఎవరు పోస్తారు?"

"బావా, ఆ కారు ఎక్కడం సంగతి సరే, దిగడం గురించి ఆలోచించావా? క్రేను కావాలి," అన్నాడు తమ్ముడు ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి.

"నువ్వు ముందు ఆ చొక్కా మాడకుండా చూసుకో."

ఎవరూ తగ్గకపోయేసరికి, రెండూ నడిపి చూసి తేల్చుకుందామని ముగ్గురూ షోరూముకు వెళ్ళారు.

షోరూములో వాళ్ళను పలకరించిన సేల్స్ అమ్మాయి కూడా మాస్టారి దగ్గర నేర్చుకున్నదే. ఆయన్ను చూడగానే అలవాటు కొద్దీ ఎడమ కాలు కదిలించింది. అందరూ నవ్వారు.

ముందు ఎస్‌యూవీ తీశారు. మాస్టారు స్టీరింగ్ ముందు, ఆయనకు ఎడమ పక్కన భార్య, వెనక తమ్ముడూ ఆ అమ్మాయీ. బండి చప్పుడు లేకుండా కదిలింది. మార్కెట్ వీధి దాటేసరికి ఎడమ వైపు అద్దంలో ఎర్రదీపం వెలిగి, టింగ్ టింగ్ అని మోగింది. ఆయన విసుక్కున్నాడు. కాస్త దూరం పోయాక మళ్ళీ మోగింది. మలుపు దగ్గర మళ్ళీ.

"ఏంటమ్మా దీని గోల? గాలి వీచినా ఉలిక్కిపడేట్టుంది."

"పక్కన ఏదైనా దగ్గరికొస్తే చెబుతుంది సార్."

"ఏమీ లేదే! రోడ్డు ఖాళీగా ఉంటే ఎందుకు మోగడం?"

ఆ అమ్మాయి ముందుకు వంగి చూసింది. అప్పటికే అక్కడేమైనా ఉంటే దాటిపోయి ఉంటుంది. "సెన్సర్ మీద దుమ్ము పడిందేమో సార్, చూపిస్తాం. సారీ," అంది. భార్య సెల్‌ఫోనులో హోటలువాళ్ళతో దుప్పట్ల గురించి మాట్లాడుతూ ఆ చప్పుడును పట్టించుకోలేదు.

తర్వాత సెడాన్. దాంట్లో ఆయన కూర్చున్న తీరే మారిపోయింది. భుజాలు విచ్చుకున్నాయి. ఊరి బయట రోడ్డెక్కగానే కారు ఒక్క ఊపున ముందుకు దూకింది. వంపులో ఆయన చెయ్యి ఇంచుమించు కదల్లేదు, కారు గీత గీసినట్టు తిరిగింది. "చూశావా?" అన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు చూసి చాలా రోజులైందనిపించింది ఆవిడకు. పోనీలే, మూటల కోసం ఆటో మాట్లాడుకుందాం, ఇది కొనేద్దాం అని ఆవిడ ఆ క్షణంలో నిజంగానే అనుకుంది.

ఊళ్ళోకి తిరిగి వస్తున్నప్పుడు, నాలుగు రోడ్ల కూడలి దగ్గర, ఎడమ వైపు రోడ్డులోంచి ఒక అమ్మాయి సైకిలు మీద వస్తూ కనిపించింది. తల మీద పసుపుపచ్చ హెల్మెట్. కారు వస్తున్న వైపు ఎర్ర దీపం లేదు కానీ దాటేవాళ్ళకు దారివ్వమనే బోర్డు ఉంది. మాస్టారు వేగం తగ్గించాడు, మెడ అటూ ఇటూ తిప్పాడు. ఆగుతాడని ఆవిడ అనుకుంది. సైకిలు మీద అమ్మాయీ అదే అనుకుని ముందుకొచ్చింది.

కారు ఆగలేదు. కదిలింది.

"ఏవండీ!"

ఆవిడ కాలు తనంతట తానే నేలకేసి గట్టిగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. ఆ కేక విని ఆయన తొక్కిన బ్రేకుకు అందరూ ముందుకు తూలారు. సన్నగా ఏదో తగిలిన చప్పుడు. పసుపు హెల్మెట్ కనిపించకుండా పోయింది.

తమ్ముడు ముందు దిగాడు. సైకిలు వెనక చక్రం వంకరపోయింది. అమ్మాయి రోడ్డు మీద కూర్చుని మోచెయ్యి చూసుకుంటోంది. చర్మం గీరుకుపోయింది తప్ప పెద్ద దెబ్బ లేదు. లేచి నిలబడ్డాక భయం కోపంగా మారింది. కారు దిగిన మాస్టారి వైపు తిరిగి అరిచింది.

"కళ్ళు కనిపించట్లేదా?"

ఆ మాట రోడ్ల మీద రోజూ వినిపించేదే. మాస్టారే ఎంతమందినో అని ఉంటాడు. ఆయన ఆ పిల్ల వైపు దిమ్మతిరిగినట్టు చూస్తూ, "నువ్వెక్కడి నుంచి ఊడిపడ్డావమ్మా?" అన్నాడు.

"ఎదురుగానే ఉన్నా కదా! మీరు నావైపు చూశారు కూడా. మీ మొహం నాకు కనిపించింది. నన్ను చూసి మరీ వచ్చారు!"

"లేదమ్మా. నేను చూశా. రోడ్డు ఖాళీగానే ఉంది."

తప్పు కప్పిపుచ్చుకునే మనిషి గొంతు ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. మరక వాళ్ళదే అయినా కాదని దబాయించే గిరాకీలను రోజూ చూస్తుంది. ఆయన గొంతులో అది లేదు. ఆయన చూశాడు. ఆయనకు అక్కడ ఖాళీ రోడ్డే కనిపించింది. ఆ ఎండలో, ఆ పసుపు హెల్మెట్ ఉన్న చోట.

సైకిలు బాగు చేయించే పని తమ్ముడు తీసుకున్నాడు. సేల్స్ అమ్మాయి కారును షోరూముకు నడుపుకెళ్ళింది.

ఇంటికొచ్చాక ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని బత్తాయి వలుచుకుంటున్నాడు. అంత పెద్ద ఉపద్రవం తప్పిన మనిషిలో కంగారు ఉంది కానీ చేతులు నిదానంగానే ఉన్నాయి. ఆవిడ గుమ్మంలో, ఆయనకు ఎడమ పక్కన నిలబడింది. చెయ్యి ఎత్తి ఊపింది. ఆయన తల తిప్పలేదు. రెండడుగులు ముందుకొచ్చి మళ్ళీ ఊపింది. తొక్క తీస్తూనే ఉన్నాడు. ఇంకా దగ్గరికి వెళ్ళింది. అరచెయ్యి ఆయన చెవికి జానెడు దూరంలో పెట్టి, వేళ్ళు ఆడించింది. బత్తాయి తొన నోట్లో వేసుకుని, ఆయన తీరిగ్గా నమిలాడు.

ఆవిడ చెయ్యి మెల్లగా ముందుకు జరిపింది. ఆయన ముక్కుకు ఎదురుగా వచ్చాక ఉలిక్కిపడ్డాడు.

"ఏంటిది? ఎప్పుడొచ్చావ్?"

ఆవిడ బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి, బకెట్ అంచు పట్టుకుని కూర్చుంది. ఈమధ్య జరిగిన పోట్లాటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడ్డాయి. టీ గ్లాసు చాచి నిలబడితే అందుకోకపోవడం, నా మొహం చూడ్డమే మానేశారని తను ఏడవడం. బట్టల బుట్ట తన్నుకుని పడబోయినప్పుడు దారిలో ఎవరు పెట్టారని ఆయన అరవడం. తమ్ముడు ఎదురొచ్చి చెయ్యెత్తితే ఆయన పలకరించకుండా పోయాడనీ, బావకు పొగరెక్కిందనీ వాడు వారం పాటు ముభావంగా ఉండడం. ఆయన మారిపోయాడని ఎన్నిసార్లనుకుంది! ఒకసారి ఇంకెవరో ఉన్నారేమోనని కూడా అనుమానపడింది. ఇదా సంగతి?

కంటి డాక్టరు దగ్గరికి రమ్మంటే ఆయన నవ్వేశాడు. "లైసెన్సు మార్చుకున్న ప్రతిసారీ బోర్డు మీది అక్షరాలు అట్టడుగు దాకా గడగడా చదివా. నా కళ్ళకేం?"

"నా కోసం రండి," అంది ఆవిడ. గొంతు విని ఆయన చెప్పులేసుకున్నాడు.

ఆసుపత్రిలో కూడా అక్షరాలన్నీ చదివేశాడు. చదివి భార్య వైపు గర్వంగా చూశాడు. తర్వాత చీకటి గదిలో ఒక మిషను ముందు కూర్చోబెట్టి, మధ్యలోని చుక్కనే చూడమన్నారు. చుట్టుపక్కల ఎక్కడైనా లైటు మెరిస్తే మీట నొక్కాలి. బయటికొచ్చి, "మిషను బాలేదు. చాలాసేపు లైట్లే రావు. కూర్చుని కూర్చుని నిద్రొచ్చింది," అన్నాడు.

డాక్టరు నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడే ఆవిడ.

"లైట్లు ఆగలేదండీ. వస్తూనే ఉన్నాయి."

మాస్టారి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

డాక్టరు కంప్యూటరు తెర వాళ్ళ వైపు తిప్పింది. రెండు గుండ్రటి బొమ్మలు. ఎడమ కంటిది మధ్యలో చిన్న కిటికీ అంత తప్ప మిగతాదంతా నలుపు. కుడి కంటిది సగం. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటూ వచ్చిందనీ, నొప్పి ఉండదు కాబట్టి చాలామందికి తెలియదనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలబెట్టడానికి మందులున్నాయనీ చెప్పింది.

"కానీ నాకు నల్లగా ఎక్కడా లేదు డాక్టరుగారూ," అన్నాడాయన. బతిమాలుతున్నట్టుంది ఆ గొంతు. "ఇదిగో, ఈ గది మొత్తం కనిపిస్తోంది. ఆ గోడ, ఆ తలుపు."

"నల్లగా కనిపించి ఉంటే మీరు ఎప్పుడో వచ్చేవారు. కంటికి అందని చోటును మెదడు ఖాళీగా వదలదు. పక్కనున్న దాంతో అతికేస్తుంది. గోడ పక్కన ఇంకాస్త గోడ. రోడ్డు పక్కన ఇంకాస్త రోడ్డు."

"అంటే ఆ పిల్ల..."

"ఆ పిల్ల ఉన్న చోట మీకు రోడ్డు కనిపించింది."

మాస్టారు తెర వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. కారు నడపకూడదని డాక్టరు చెప్పబోతుంటే, "అది చెప్పకండి. చూపు బాలేకపోతే నడపొద్దని నేనెంతమందికి చెప్పానో," అని లేచాడు.

మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయి కమ్మీ పట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయేమోనని ఆవిడ భుజం కింద చెయ్యి వేసింది.

"పళ్ళ డాక్టరమ్మ," అన్నాడు.

"ఎవరు?"

"నా దగ్గర నేర్చుకునేది. చాలా భయస్తురాలు. ఓసారి ఉన్నట్టుండి బ్రేకేసింది. ఎందుకేశావంటే ఎవరో ముసలాయన దాటుతున్నాడంది. ఎవరూ లేరు. నేను చూశా, ఎవరూ లేరు. భయంతో లేనివి కనిపిస్తున్నాయి నీకు, ఇలాగైతే జన్మలో కారు నేర్చుకోలేవని తిట్టా. ఏడ్చుకుంటూ దిగిపోయింది. మళ్ళీ రాలేదు." ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ముసలాయన ఉన్నాడు కదూ?"

మెట్ల మీదే కూర్చున్నారు ఇద్దరూ. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ పక్కకు ఒరిగి పోతున్నారు.

పళ్ళ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, బుగ్గలు వాచినవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని ఆయన తన వంతు వచ్చేదాకా ఆగాడు. లోపలికి పిలిస్తే భార్యను కూడా రమ్మన్నాడు. డాక్టరమ్మ ఆయన్ను చూడగానే లేచి నిలబడింది.

"పన్ను నొప్పా సార్?"

"కాదమ్మా. ఆ రోజు రోడ్డు మీద ముసలాయన ఉన్నాడు కదా?"

ఆ అమ్మాయి చేతికి గ్లౌజు సగం తొడిగి ఉంది. అలాగే ఉండిపోయింది.

"చేతిలో గొడుగుంది," అంది చివరికి. "నల్ల గొడుగు. మీరు లేడన్నారు. మీరు అంత గట్టిగా చెప్పేసరికి నాకే మతిపోయిందనుకున్నా సార్. ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు."

ఆయన కళ్ళ సంగతి చెప్పాడు. దాచకుండా, సాగదీయకుండా. చెప్పి, "నువ్వు బ్రేకెయ్యబట్టి ఆయన ఇంటికి చేరాడమ్మా. నేనున్న కార్లో ఆ పూట చూపున్నది నీ ఒక్కదానికే," అన్నాడు.

డాక్టరమ్మ రోగులు పడుకునే కుర్చీలో కూలబడింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "మీ కళ్ళలో మందు వేళకు వేస్తున్నారా సార్?" అని అడిగింది. ఆయన అది ఊహించలేదు. తిడుతుందనుకుని వచ్చాడు. తలుపు దాకా వచ్చాక ఆయన పెదవులు అదరడం మొదలుపెట్టాయి. భార్య ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ బయటికి తెచ్చింది.

డ్రైవింగ్ స్కూలు కారును తన పాత శిష్యుడొకడికి అప్పగించాడు. అడిగిన ప్రతివాడికీ కారణం చెప్పాడు. విన్నవాళ్ళలో కొందరు నమ్మలేక, ఆయన ఎడమ పక్కకు వెళ్ళి వేళ్ళు ఆడించి చూశారు కూడా. ఆయన ఊరుకున్నాడు. వెనక గదిలో గోడకు బోర్డు తగిలించి, కొత్తవాళ్ళకు రోడ్డు గుర్తులు చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ మొదటి రోజే ఒక ప్రశ్న వేసేవాడు: "మీరు ఇటు చూసినప్పుడు తల తిప్పారా, కళ్ళు తిప్పారా?" తల తిప్పేదాకా వదిలేవాడు కాదు.

వ్యాను మరీ మొరాయించాక మళ్ళీ షోరూముకు వెళ్ళక తప్పలేదు. ఆయన రానంటాడేమోననుకుంది ఆవిడ. ముందు ఆయనే తయారయ్యాడు.

సేల్స్ అమ్మాయి ఎస్‌యూవీ తాళం ఆవిడ చేతికిచ్చింది. "ఆ తర్వాత సెన్సర్ చూపించాం సార్," అంది ఇబ్బందిగా. "దాంట్లో తేడా ఏమీ లేదన్నారు."

"తెలుసమ్మా," అన్నాడు మాస్టారు.

ఆవిడ ఎస్‌యూవీ నడిపి వచ్చింది. అంతా తను కోరుకున్నట్టే ఉంది. దిగాక సెడాన్ వైపు చూసి, "అది కూడా ఒక్కసారి తిప్పి వస్తా," అంది.

"నీకెందుకు? నీకు నచ్చదుగా," అన్నాడాయన ఆశ్చర్యంగా.

"మీకెందుకు నచ్చిందో చూడాలి."

ఎడమ పక్క సీట్లో ఆయన. ఊరి బయట రోడ్డెక్కాక ఆవిడ కాలు కాస్త నొక్కింది. కారు వీపు మీద చెయ్యేసి తోసినట్టు ముందుకెళ్ళింది. ఇన్నేళ్ళూ గుడ్ల బుట్ట తీసుకెళ్తున్నట్టు బండి నడిపిన మనిషి. వంపు వచ్చింది. ఆవిడ తగ్గించలేదు. స్టీరింగ్ ఇలా అంది, కారు అలా తిరిగింది. ఆవిడ గొంతులోంచి పెద్ద నవ్వు బయటికొచ్చింది. అది తన నవ్వేనా అని ఆవిడకే అనుమానం వచ్చింది.

మాస్టారు తల పూర్తిగా ఆవిడ వైపు తిప్పి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఇన్నాళ్ళూ ఇదెక్కడ దాచావ్?"

"నాకూ తెలీదు," అంది ఆవిడ. నవ్వుతూనే ఉంది కానీ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన పోగొట్టుకున్నది ఏమిటో ఒంటితో తెలిసింది అప్పుడు.

షోరూముకు వచ్చాక ఆయన సెడానే తీసుకోమన్నాడు. పట్టుబట్టాడు. మూటల సంగతి తమ్ముడు చూసుకుంటాడన్నాడు. ఆవిడ చాలాసేపు రెండు కార్ల మధ్య నిలబడింది. తర్వాత ఎస్‌యూవీ తలుపు మీద చెయ్యి వేసింది.

"ఇది."

"నచ్చింది అది కదా?"

"నచ్చింది. బాగా నచ్చింది. కానీ మీరు అక్షరాలన్నీ చదివారండీ. నాకూ అన్నీ కనిపిస్తున్నాయనే అనుకుంటున్నా. నేను చూశాను అనే మాట మీద నాకింక ధైర్యం లేదు. పక్కన ఇంకొకటి చూస్తుండాలి. దీంట్లో ఆ టింగ్ టింగ్ ఉంది."

ఆయన వాదించలేదు.

కొత్త బండి వచ్చేదాకా పాత వ్యానే గతి. తిరుగుదారిలో చెరుకు లారీలు తగ్గాక రోడ్డు తెరిపిచ్చింది. ఆవిడ అద్దంలో చూసి, తల తిప్పి చూసి, మళ్ళీ ఒకసారి తల తిప్పి చూసి, అప్పుడు గేరు మార్చింది. వ్యాను దగ్గింది, ఊగింది, వెనక ఖాళీ బుట్టలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆవిడ ఇంకాస్త నొక్కింది. మాస్టారు పైనున్న పిడి పట్టుకున్నాడు.

"ఏయ్, ఇది లాండ్రీ వ్యాను!"

"నాకు తెలుసు."

ముందు మలుపు కనిపించింది. ఆయన మరో చేత్తో సీటు అంచు కూడా పట్టుకుని, సరేనన్నట్టు ముందుకు చూశాడు.